సొంతంగా రాసిన గేమ్‌ను కన్సోల్‌లో నడపడం నేరమా? అది ఎంత కష్టం?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. మీ అన్నయ్య వాడి పక్కన పెట్టిన పీఎస్‌పీ అనే సోనీ చేతి కన్సోల్ ఒకటి, డాలస్‌లో ఉన్న మీ బావగారు పంపిన నింటెండో స్విచ్ ఒకటి మీ దగ్గర ఉన్నాయి. సి భాషలో మీరే రాసుకున్న తెలుగు పదాల ఆటను వాటిలో నడపాలనుకుంటున్నారు. అలా నడపడం చట్టవిరుద్ధమా, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థికి అది సాధ్యమయ్యే పనేనా, మీ ఊళ్లో తాళాన్ని దాటవేసే చిప్ వేసి ఇస్తామంటున్న దుకాణానికి స్విచ్‌ను ఇవ్వవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. సొంత ప్రోగ్రామ్ రాసి, దాన్ని మీ సొంత యంత్రంలో నడపడం మన దేశ చట్టం ప్రకారం నేరం కాదు. ఇతరుల గేములను కాపీ చేసి ఆడటం, పంచడం, అందుకోసం యంత్రంలోని డిజిటల్ తాళం (తయారీదారు ఒప్పుకోని ప్రోగ్రాములను నడవనివ్వని ఏర్పాటు) తీయడం నేరం. పీఎస్‌పీలో మీ ఆటను నడపడం మీ స్థాయి విద్యార్థికి సెలవుల్లో తేలికగా అయ్యే పని. స్విచ్ విషయం అది ఎప్పుడు తయారైందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. దుకాణానికి మాత్రం వెళ్లవద్దు. కారణం తరువాత చెబుతాను.

నేను వృత్తిరీత్యా ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ రాస్తాను. పాత కన్సోళ్లకు చిన్న ప్రోగ్రాములు రాయడం నాకు చాలాకాలంగా ఉన్న వ్యాపకం. న్యాయవాదిని కాను కనుక, చట్టం గురించి నేను చెప్పేది సెక్షన్లనూ తీర్పులనూ చదువుకున్న ఇంజనీరు మాటగానే తీసుకోండి.

ఈ విషయంలో గందరగోళమంతా మూడు వేర్వేరు పనులను ఒకే పనిగా చూడటం వల్ల వస్తోంది. ప్రోగ్రామ్ రాయడం ఒక పని, యంత్రానికి వేసిన డిజిటల్ తాళాన్ని తీయడం మరో పని, తాళం తీసే సాధనాన్నో కాపీ గేములనో ఇతరులకు అందించడం మూడో పని. మొదటిదాన్ని నేనెరిగినంతలో ఏ దేశమూ నిషేధించలేదు. మూడోదాన్ని దాదాపు అన్ని దేశాలూ శిక్షిస్తున్నాయి. తగువంతా రెండోదాని దగ్గరే ఉంది, అక్కడే మన చట్టానికీ అమెరికా చట్టానికీ దారులు వేరవుతాయి.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. డిజిటల్ తాళాల గురించిన 65ఎ సెక్షన్‌ను 2012 సవరణలో చేర్చారు. హక్కుల రక్షణ కోసం పెట్టిన సాంకేతిక ఏర్పాటును, ఆ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఛేదించినవారికి రెండేళ్ల వరకు జైలు, దానితో పాటు జరిమానా విధించవచ్చని అందులో ఉంది. ఇక్కడ కీలకం ఉద్దేశమే. అదే సెక్షన్ రెండో ఉపభాగం, ఈ చట్టం స్పష్టంగా నిషేధించని ప్రయోజనం కోసం చేసే పనికి ఈ నిబంధన అడ్డు రాదని కూడా చెబుతోంది. మీ పదాల ఆటను మీ పీఎస్‌పీలో ఆడుకోవడాన్ని ఆ చట్టంలో ఏ సెక్షనూ నిషేధించలేదు. దీనికి తోడు 52(1)లోని ఎబి అనే ఉపభాగం ఉంది. స్వతంత్రంగా రాసిన ప్రోగ్రామ్ ఇతర ప్రోగ్రాములతో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం మరోచోట సులభంగా దొరకనప్పుడు, దాన్ని రాబట్టడానికి అవసరమైన పనిని చట్టబద్ధంగా ప్రోగ్రామ్‌ను కలిగి ఉన్నవారు చేస్తే అది ఉల్లంఘన కాదని అందులో ఉంది. హోమ్‌బ్రూ (ఔత్సాహికులు కన్సోళ్లకు సొంతంగా రాసే ప్రోగ్రాములు) రాసేవారు చేసే పని సరిగ్గా ఇదే.

అమెరికాలో ఇంత వెసులుబాటు లేదు. అక్కడి 1998 నాటి డీఎంసీఏ అనే డిజిటల్ కాపీరైట్ చట్టంలోని 1201 సెక్షన్ తాళం తీయడాన్నే తప్పుగా చూస్తుంది, ఉద్దేశాన్ని మన చట్టంలా మొదటే అడగదు. కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో ప్రోగ్రాముల పరస్పర అనుసంధానానికి సంబంధించినది ఒకటి. ఇవి కాక, అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మూడేళ్లకోసారి కొత్త మినహాయింపులను ప్రకటిస్తుంది. 2010లో స్మార్ట్‌ఫోన్ల తాళం తీయడాన్ని అనుమతించారు. 2012లో గేమ్ కన్సోళ్లకూ అదే మినహాయింపు ఇవ్వాలని కోరితే, దానివల్ల పైరసీ పెరుగుతుందన్న వాదన నెగ్గి, నిరాకరించారు. 2015లో టాబ్లెట్లకు, స్మార్ట్ టీవీలకు కూడా అనుమతి వచ్చింది, కన్సోళ్లకు రాలేదు. 2021లో దొరికింది ఒక చిన్న వెసులుబాటు మాత్రమే: పాడైన డిస్క్ డ్రైవును మరమ్మతు చేసుకోవడానికి తాళం తీయవచ్చు. అంటే అక్కడ ఫోన్‌లో చేయగలిగిన పనిని దాని పక్కనే ఉన్న కన్సోల్‌లో చేయకూడదు. లోపల ఉన్నది అదే రకం ప్రాసెసర్ అయినా సరే. నా దృష్టిలో ఈ తేడాకు సాంకేతికంగా ఏ ఆధారమూ లేదు. అయినా చట్టం చట్టమే కనుక, మీ బావగారిని అక్కడ తాళం తీయించి పంపమని అడగకండి. ఆ యంత్రంతో ఏ పని చేసినా ఇక్కడ, మీరే చేయండి.

అమెరికా కోర్టులు హోమ్‌బ్రూకు ఎప్పుడూ వ్యతిరేకమేనని మాత్రం అనుకోవద్దు. డీఎంసీఏ రాకముందు, 1992లో కన్సోల్ తయారీదారు సెగా, గేములు రాసే అకొలేడ్ సంస్థల మధ్య వచ్చిన తీర్పు ఈ రంగానికంతటికీ పునాది. సెగా జెనెసిస్ కన్సోల్ కొత్త నమూనాల్లో ఒక ఏర్పాటు ఉండేది. కార్ట్రిడ్జ్‌లో ఒక నిర్దిష్ట స్థానంలో సెగా అనే నాలుగు అక్షరాలు కనిపిస్తేనే ఆట మొదలయ్యేది, వెంటనే తెర మీద ‘సెగా లైసెన్సుతో తయారైనది’ అన్న అర్థం వచ్చే వాక్యం పడేది. అకొలేడ్ ఇంజనీర్లు సెగా గేములను విడదీసి చదివి, ఆ అక్షరాల సంగతి తెలుసుకుని, తమ గేముల్లోనూ పెట్టారు. కాపీరైట్ ఉల్లంఘన, ట్రేడ్‌మార్క్ దుర్వినియోగం అంటూ సెగా కోర్టుకెక్కింది. అనుసంధానానికి కావలసిన సమాచారం తెలుసుకోవడానికి మరో దారి లేనప్పుడు అలా విడదీసి చదవడం న్యాయమైన వినియోగమేనని తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఆ వాక్యం వల్ల కొనేవారు పొరబడితే అందుకు కారణం దాన్ని తాళంగా మార్చిన సెగాయేనని కూడా అంది.

ఈ పాత కేసు నాకు ఇప్పటికీ రోజువారీ పనిలో ఎదురవుతుంది. నింటెండో పాత చేతి కన్సోల్ గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు ప్రోగ్రామ్ రాస్తే, ఆ ఫైలు తలభాగంలో నింటెండో లోగో తాలూకు 156 బైట్లు ఉండి తీరాలి. అవి సరిపోలకపోతే యంత్రం ఆటను మొదలుపెట్టదు. అందుకే హోమ్‌బ్రూ సాధనాల్లో కంపైల్ చేసిన (కోడును యంత్రం నడిపే ఫైలుగా మార్చిన) చివర ఆ బైట్లను అతికించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. ఇంకొకరి లోగోను నా ఫైల్లో ఎలా పెట్టగలనని కొత్తవారు భయపడతారు. ఆ భయానికి 1992లోనే జవాబు వచ్చింది.

డీఎంసీఏ వచ్చాక వాతావరణం మారింది. సోనీ కథే చూడండి. పీఎస్‌3 కన్సోల్‌ను మొదట అమ్మినప్పుడు అందులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టం వేసుకునే సౌకర్యాన్ని సోనీయే ఇచ్చింది. అమెరికా వైమానిక దళం 1,760 పీఎస్‌3లను కలిపి ఒక సూపర్ కంప్యూటర్‌ను కూడా కట్టింది. 2010 ఏప్రిల్ 1న వచ్చిన 3.21 అప్‌డేట్‌తో సోనీ ఆ సౌకర్యాన్ని తీసేసింది. అప్‌డేట్ వేసుకోకపోతే ఆన్‌లైన్ ఆటలు ఆగిపోతాయి. అదే ఏడాది డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన 27సీ3 హ్యాకర్ల సదస్సులో ఫెయిల్‌ఓవర్‌ఫ్లో అనే బృందం పీఎస్‌3 డిజిటల్ సంతకాల (ప్రోగ్రామ్ తయారీదారు ఆమోదించినదేనని రుజువు చేసే గుర్తుల) గుట్టు విప్పింది. డిజిటల్ సంతకం చేసిన ప్రతిసారీ మారవలసిన యాదృచ్ఛిక సంఖ్యను సోనీ మార్చకుండా ఒకటే వాడిందని, అందువల్ల రెండు సంతకాలు పక్కపక్కన పెట్టుకుంటే రహస్య కీని మామూలు బీజగణితంతోనే రాబట్టవచ్చని చూపించింది. లినక్స్ ఉన్నంతకాలం సమర్థులకు ఆ తాళం జోలికి పోయే అవసరమే రాలేదని, దాన్ని తీసేశాకే అసలు పని మొదలైందని ఆ ప్రసంగంలోనే వాదించారు. 2011 జనవరిలో జార్జ్ హాట్జ్ అనే హ్యాకర్ ప్రధాన కీని ప్రచురించగానే సోనీ దావా వేసింది. కొద్ది నెలల్లోనే, ఇకపై సోనీ ఉత్పత్తుల తాళాల జోలికి వెళ్లనన్న షరతుతో రాజీ కుదిరింది. తీర్పు రాలేదు గనుక, హాట్జ్ చేసింది తప్పా ఒప్పా అన్నది ఆ కేసులో తేలలేదు.

జైలు దాకా వెళ్లిన కేసు దీనికి పూర్తిగా భిన్నం. స్విచ్‌కు చిప్పులను, కాపీ గేములు నడిపే ఎస్ఎక్స్ ఓఎస్ అనే సాఫ్ట్‌వేర్‌ను అమ్మిన టీమ్ ఎక్స్‌ఎక్యూటర్ ముఠాకు చెందిన గ్యారీ బౌజర్‌కు 2022 ఫిబ్రవరిలో 40 నెలల శిక్ష పడింది. ఆ శిక్ష పడింది తన ఇంట్లో తన యంత్రాన్ని తెరిచినందుకు కాదు, ఛేదన సాధనాలతో వ్యాపారం చేసినందుకు. యూరప్‌లో మరో కోణం ఉంది. నింటెండో, పీసీ బాక్స్ అనే ఇటలీ దుకాణం మధ్య వివాదంలో 2014 జనవరిలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, తాళం దాని పనికి తగినంత మేరకే ఉండాలని, అమ్ముతున్న సాధనాన్ని జనం ఆచరణలో దేనికి వాడుతున్నారో కూడా జాతీయ న్యాయస్థానాలు చూడాలని చెప్పింది. నాకు అన్నింటికంటే సమంజసంగా తోచిన వైఖరి ఇది.

చట్టం దగ్గరే ఇంకొక్క మాట, ఎందుకంటే కొత్తవారు దీన్ని పట్టించుకోరు. మీ ప్రోగ్రామ్‌ను ఏ సాధనంతో కంపైల్ చేశారన్నది కూడా చట్టపరమైన విషయమే. మొదటి ఎక్స్‌బాక్స్ కోసం వచ్చిన హోమ్‌బ్రూలో చాలాభాగాన్ని మైక్రోసాఫ్ట్ తన లైసెన్సుదారులకు మాత్రమే ఇచ్చిన ఎక్స్‌డీకే అనే ప్రోగ్రామింగ్ సాధనాలతో కంపైల్ చేసేవారు. రాసింది సొంత కోడే అయినా, తయారైన ఫైల్లో మైక్రోసాఫ్ట్ లైబ్రరీలు కలిసిపోయేవి. అందుకే ఈనాటి ‘కోడి’ అనే మీడియా ప్లేయర్‌కు పూర్వరూపమైన ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్ బృందం తమ సోర్సు కోడును మాత్రమే ప్రచురించింది, కంపైల్ చేసిన ఫైలును ఎప్పుడూ పంచలేదు. మీరు లీకైన అధికారిక ఎస్‌డీకేలు (తయారీదారులు ఇచ్చే ప్రోగ్రామింగ్ సాధనాలు) దొరికినా ముట్టుకోకండి. పీఎస్‌పీకి పీఎస్‌పీఎస్‌డీకే, స్విచ్‌కు లిబ్‌ఎన్ఎక్స్, గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు డెవ్‌కిట్‌ఏఆర్ఎం వంటివి ఔత్సాహికులే సొంతంగా రాసి, స్వేచ్ఛగా ఇచ్చినవి. అవి చాలు.

ఇక కష్టం సంగతికి వస్తాను. కష్టం రెండు చోట్ల ఉంటుంది: తాళం దగ్గర, తాళం తీశాక. బయటివారికి మొదటిదే కనిపిస్తుంది. నా అనుభవంలో ఎక్కువ కాలం తినేది రెండోది.

కన్సోల్ ఆన్ చేయగానే చిప్‌లోనే శాశ్వతంగా ముద్రించిన బూట్ రోమ్ అనే తొలి ప్రోగ్రామ్ నడుస్తుంది. అది తరువాతి దశ సంతకాన్ని పరీక్షించి గాని దాన్ని నడవనివ్వదు, ఆ దశ దాని తరువాతిదాన్ని పరీక్షిస్తుంది. చివర మీ ఆట దగ్గరికి వచ్చేసరికి దానికి తయారీదారు సంతకం లేదు కనుక ఆగిపోతుంది. ఈ గొలుసులో లోపం చివరికి ఎంత దగ్గరగా దొరికితే దాని ఆయుష్షు అంత తక్కువ. ఏదో ఒక గేములోని లోపమైతే అప్‌డేట్‌తో పూడ్చేస్తారు. నింటెండో 3డీఎస్ కన్సోల్‌కు 2014లో వచ్చిన మొదటి హోమ్‌బ్రూ మార్గం క్యూబిక్ నింజా అనే అనామకపు గేములోని క్యూఆర్ కోడ్ లోపం మీద ఆధారపడింది. దాంతో ఎవరూ కొనని ఆ గేము ధర రాత్రికి రాత్రి పెరిగిపోయింది. బూట్ రోమ్‌లోనే లోపం దొరికితే, అమ్మేసిన యంత్రాలను తయారీదారు ఏమీ చేయలేడు. 2018 ఏప్రిల్‌లో స్విచ్‌లోని టెగ్రా చిప్‌లో బయటపడిన ఫ్యూజీ జెలే అలాంటిది. రికవరీ స్థితిలో యూఎస్‌బీ ద్వారా వచ్చే అభ్యర్థన పొడవును బూట్ రోమ్ సరిగ్గా పరీక్షించకపోవడమే ఆ లోపం.

మీ పీఎస్‌పీ అదృష్టం వేరు. 2004 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన తొలి 1.00 ఫర్మ్‌వేర్ (యంత్రం లోపలి సిస్టం సాఫ్ట్‌వేర్) సంతకం లేని ప్రోగ్రాములను నేరుగా నడిపేది. తరువాత సోనీ పూడ్చడం, ఔత్సాహికులు తవ్వడం ఏళ్ల తరబడి సాగింది. 2007లో బ్యాటరీ లోపలి సీరియల్ సంఖ్యను మార్చి యంత్రాన్ని సర్వీసు స్థితిలోకి తెచ్చే పండోరా బ్యాటరీ పద్ధతి వచ్చింది. 2011లో పీఎస్‌3 తెరుచుకున్నప్పుడు పీఎస్‌పీ కీలు కూడా దాని లోపల దొరకడంతో ఆట ముగిసింది. అప్పటినుంచి హోమ్‌బ్రూకు సరైన సంతకమే చేయవచ్చు కనుక, ఏ లోపమూ వాడకుండానే అది మామూలు ఫర్మ్‌వేర్ మీద నడుస్తుంది. మీరు చేయవలసిందల్లా కంపైల్ చేసి సంతకం పెట్టిన ఎబూట్ అనే ఆట ఫైలును మెమరీ స్టిక్‌లోని పీఎస్‌పీ ఫోల్డరులో, గేమ్ అనే ఉపఫోల్డరులో మీకు నచ్చిన పేరుతో ఒక ఫోల్డరు చేసి అందులో ఉంచడమే. మెమరీ స్టిక్ ప్రో డుయోలు ఇప్పుడు మంచివి దొరకడం కష్టం. మైక్రోఎస్‌డీ పెట్టుకునే అడాప్టర్ చవకగా దొరుకుతుంది. నేను ఏళ్లుగా అదే వాడుతున్నాను.

ఆ తరువాత అసలు పని మొదలవుతుంది. పీఎస్‌పీ ప్రాసెసర్ అత్యధికంగా 333 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. 1000 నమూనాలో 32 ఎంబీ మెమరీ, 2000, 3000 నమూనాల్లో 64 ఎంబీ ఉంటుంది. పదాల ఆటకు ఇది ఎక్కువే. చిక్కులు వేగంలో కాక వివరాల్లో ఉంటాయి. ఉదాహరణకు తెర వెడల్పు 480 పిక్సెళ్లు, ఎత్తు 272. కానీ మెమరీలో ఒక్కో వరుస 512 పిక్సెళ్ల దూరంలో మొదలవుతుంది, చివరి 32 తెర మీదికి రావు. వరుసకు 480 లెక్కన రాస్తే బొమ్మంతా ఏటవాలుగా చీలిపోయి కనిపిస్తుంది. ఆ ఏటవాలు గీతలు కనబడగానే ఈ సంఖ్యను చూసుకోండి.

ఇంతకంటే మొండి చిక్కు కాష్ అనే చిన్న తాత్కాలిక మెమరీది. మీ ప్రోగ్రామ్ రాసిన డేటా ముందు ప్రాసెసర్ కాష్‌లో ఆగుతుంది, గ్రాఫిక్స్ ఇంజన్ మాత్రం ప్రధాన మెమరీనే చదువుతుంది. గీయమని ఆదేశించేముందు కాష్‌ను మెమరీలోకి ఖాళీ చేయకపోతే, గ్రాఫిక్స్ ఇంజన్‌కు పాత చెత్త కనిపించి, అక్షరాలు ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా మినుకుమినుకుమంటాయి. విచిత్రమేమంటే కంప్యూటర్లో పీఎస్‌పీలా పనిచేసే పీపీఎస్ఎస్‌పీపీ అనే ఎమ్యులేటర్ ఈ కాష్‌ను అనుకరించదు కనుక, అక్కడ అంతా సవ్యంగానే నడుస్తుంది. ఎమ్యులేటర్‌లో నడిచింది యంత్రంలో నడిచినట్టు కాదు. రోజూ సాయంత్రం ఒక్కసారైనా నిజమైన పీఎస్‌పీలో వేసి చూసుకుంటే, ఏ మార్పు దగ్గర తేడా వచ్చిందో ఆ రోజే తెలుస్తుంది.

మీది తెలుగు ఆట కనుక అందరికీ లేని ఇంకో కష్టం మీకుంది. పీఎస్‌పీ సిస్టం ఫాంట్లలో తెలుగు లేదు. ఉన్నా ప్రయోజనం ఉండేది కాదు, ఎందుకంటే మన లిపికి ఫాంటు ఒక్కటే చాలదు. ‘స్త్రీ’ అన్నది చూపుకు ఒకే అక్షరం, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. వాటిని ఒక రూపంగా అమర్చే పనిని కంప్యూటర్లో హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీ చేస్తుంది. హోమ్‌బ్రూ ఫాంటు లైబ్రరీలు ఒక సంకేతానికి ఒక బొమ్మ చొప్పున పక్కపక్కన పెట్టుకుంటూ పోతాయి కనుక ఒత్తులు కిందికి రావు, గుడులు పైకి ఎక్కవు.

ఇలాంటప్పుడు నేను లిపి పనిని యంత్రం మీదికి నెట్టకుండా కంప్యూటర్లోనే ముగిస్తాను. మీ పదాల జాబితా మొత్తాన్ని పైథాన్‌తో అక్షరాలుగా విడగొట్టండి. పదాల ఆటలో ఒక గడిలో పడవలసింది ఒక అక్షరమే కనుక ఈ విభజన మీకు ఎలాగూ అవసరం. పొల్లు తరువాత హల్లు వస్తే అది ముందుదానితోనే ఉండాలి, గుణింతపు గుర్తులూ సున్నా విసర్గలూ కూడా అంతే. వచ్చిన అక్షరాల్లో పునరుక్తులు తీసేసి, ఒక్కోదాన్ని హార్ఫ్‌బజ్‌తో 32 పిక్సెళ్ల చదరంలో గీయించి, 512 పిక్సెళ్ల చదరపు టెక్స్చర్‌లో (గ్రాఫిక్స్ ఇంజన్ వాడే బొమ్మలో) వరుసగా పేర్చండి. ఒక టెక్స్చర్‌లో 256 అక్షరాలు పడతాయి. చాలకపోతే రెండోది చేయండి. చదరంలో అసలు అక్షరాన్ని 18 పిక్సెళ్లకు మించనివ్వకండి, పైన గుడికీ కింద ఒత్తుకూ చోటు కావాలి. ఆటలో ఇక మిగిలేది, ఫలానా సంఖ్య గల అక్షరాన్ని ఫలానా చోట అతికించడమే.

టెక్స్చర్‌ను పిక్సెల్‌కు 4 బిట్ల రూపంలో పెట్టండి. పీఎస్‌పీ వీడియో మెమరీ 2 ఎంబీ మాత్రమే. పూర్తి రంగుల ఫ్రేమ్ ఒక్కోటి 544 కేబీ తింటుంది, అవి రెండు కావాలి. లోతు బఫరు (ఏది ముందు, ఏది వెనుక అన్న లెక్క ఉంచే చోటు) పెడితే మరో 272 కేబీ పోతుంది. మిగిలేది 688 కేబీ. 32 బిట్ల టెక్స్చర్ ఒక్కటే 1 ఎంబీ కనుక అందులో పట్టదు. 4 బిట్లదైతే 128 కేబీతో సరిపోతుంది, పదహారు ఛాయలుంటాయి కనుక అక్షరాల అంచులు నునుపుగానే వస్తాయి.

ఫాంటుకూ లైసెన్సు ఉంటుందని గుర్తుంచుకోండి. మీ ఆటను నలుగురికీ ఇవ్వాలనుకుంటే, కంప్యూటరుతో పాటు వచ్చిన వాణిజ్య ఫాంటును అందులో కలపకండి. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. వాటిని నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఇక స్విచ్. అది 2018 మధ్యకు ముందు తయారైన తొలి యంత్రమైతే ఫ్యూజీ జెలే లోపం అందులో ఇంకా ఉంటుంది, ఏ అప్‌డేటూ దాన్ని తీయలేదు. కుడి జాయ్‌కాన్ (పక్కన తగిలించే కంట్రోలర్) పట్టాలో జిగ్ అనే చిన్న ముక్క పెట్టి, రికవరీ స్థితిలోకి తెచ్చి, యూఎస్‌బీ ద్వారా ప్రోగ్రామ్ పంపితే చాలు, లోపల టంకం పని ఉండదు. తరువాత తయారైనవాటిలో, స్విచ్ లైట్‌లో, స్విచ్ ఓఎల్ఈడీ నమూనాలో చిప్‌ను టంకం వేయక తప్పదు. అది సూక్ష్మదర్శిని కింద చేసే పని, మదర్‌బోర్డు పోయిందంటే యంత్రం పోయినట్టే. పదాల ఆట కోసం అంత సాహసం చేయమని నేను చెప్పను.

తొలి యంత్రమే అయినా రెండు జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది, తెరిచిన యంత్రంతో నింటెండో సర్వర్లకు వెళ్లవద్దు. యంత్రం మీది, సర్వర్ వారిది. వాడుకరి ఒప్పందం ప్రకారం యంత్రాన్ని ఆన్‌లైన్ సేవల నుంచి శాశ్వతంగా నిషేధించగలరు. అంతేకాదు, 2025 మే నెలలో అమెరికాలో మార్చిన ఒప్పందంలో, నిబంధనలు మీరితే యంత్రాన్నే శాశ్వతంగా పనికిరాకుండా చేయవచ్చన్న మాట కూడా చేర్చారు. అది ఏ దేశంలో ఏ కోర్టు ముందు ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే సంగతి, యంత్రం ఆగిపోయాక ఆ చర్చ మీకు పనికిరాదు. రెండోది, లోపలి నిల్వ మొత్తానికి ముందే బ్యాకప్ తీసి వేరేచోట దాచండి. స్విచ్‌లో కొన్ని అప్‌డేట్లు చిప్ లోపలి ఫ్యూజులను కాల్చేస్తాయి, మామూలు పద్ధతిలో పాత ఫర్మ్‌వేర్‌కు తిరిగి వెళ్లనివ్వకపోవడానికే ఆ ఏర్పాటు.

ఇక్కడ హోమ్‌బ్రూకూ పైరసీకీ మధ్య గీత సాంకేతికంగానే కనిపిస్తుంది. స్విచ్‌కు విరివిగా వాడే అట్మాస్ఫియర్ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్‌లో మీరు రాసిన ప్రోగ్రామ్ నేరుగా నడుస్తుంది. కాపీ గేములు నడవాలంటే, సంతకాల పరీక్షను దాటవేసే అతుకులు (ప్యాచ్‌లు) విడిగా కావాలి. వాటిని అట్మాస్ఫియర్ బృందం ఇవ్వదు. ఎవరైనా మీకు ఆ అతుకులు కూడా వేసుకోమని చెబితే, వారు చెబుతున్నది హోమ్‌బ్రూ గురించి కాదు. 65ఎలోని ఉద్దేశం అన్న మాటకు మెమరీ కార్డులోని ఫైళ్లే సాక్ష్యమవుతాయి.

దుకాణానికి వెళ్లవద్దన్నది అందుకే. చిప్ వేసేవారు ఊరికే చిప్ వేసి ఇవ్వరు, పెద్ద మెమరీ కార్డు నిండా గేములు నింపి ఇస్తారు, వారి వ్యాపారమే అది. కాపీ ప్రోగ్రామ్ అని తెలిసీ వాడినందుకు మన చట్టంలో 63బి కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఇది దుకాణదారుకు కాదు, వాడేవారికి. ఇంకో విచిత్రం ఉంది. 65ఎ ప్రకారం, చట్టబద్ధమైన ప్రయోజనం కోసమే అయినా, ఇంకొకరికి తాళం తీయడంలో సాయపడేవారు ఆ వ్యక్తి పేరు, చిరునామా, గుర్తించడానికి కావలసిన ఇతర వివరాలు, ఏ ప్రయోజనానికి తీశారన్నది పూర్తిగా రాసి ఉంచాలి. చిప్ వేసే ఏ దుకాణంలోనూ నేను అలాంటి పుస్తకం చూడలేదు.

ఇవేవీ వద్దు, తాళం జోలికే పోనంటే దానికీ దారులున్నాయి. ఎక్స్‌బాక్స్ వన్‌లోనూ ఆ తరువాతి ఎక్స్‌బాక్స్‌లలోనూ డెవలపర్ మోడ్‌ను మైక్రోసాఫ్ట్ 2016 నుంచి అధికారికంగా ఇస్తోంది, సొంత ప్రోగ్రాములను అందులో నడుపుకోవచ్చు. సెగా డ్రీమ్‌కాస్ట్ దొరికితే, మిల్‌సీడీ అనే సంగీత డిస్కుల కోసం సెగా వదిలిన దారిలో, మామూలు సీడీలో రాసిన హోమ్‌బ్రూ యంత్రాన్ని ముట్టుకోకుండానే నడుస్తుంది. పాత యంత్రాలకు కొత్త గేములు రాసి అమ్ముతున్నవారూ ఉన్నారు: నింటెండో పాత కన్సోల్ నెస్ కోసం మైక్రో మేజెస్ 2019లో, సెగా మెగా డ్రైవ్ (జెనెసిస్‌కే మరో పేరు) కోసం టాంగిల్‌వుడ్ 2018లో బహిరంగంగానే మార్కెట్లోకి వచ్చాయి.

మీరు ముందు పీఎస్‌పీతో మొదలుపెట్టండి. స్విచ్‌ను ప్రస్తుతానికి మామూలుగా ఆడుకోవడానికే ఉంచుకోండి. పీఎస్‌పీలో సెట్టింగ్స్‌కు వెళ్లి, సిస్టం ఇన్ఫర్మేషన్‌లో కనిపించే ఫర్మ్‌వేర్ సంఖ్యను, బ్యాటరీ తీస్తే లోపల అంటించి ఉండే చీటీ మీది నమూనా సంఖ్యను ఇక్కడ రాయండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ఛార్జి పెట్టకుండా ముందు దాన్ని మార్చండి, ఆ వయసు పీఎస్‌పీల్లో అది తరచూ కనిపించే సమస్య. మీ పదాల జాబితాలో వేర్వేరు అక్షరాలు ఎన్ని వచ్చాయో కూడా చెబితే, టెక్స్చర్ ఒకటి చాలుతుందో రెండు కావాలో చూసి చెబుతాను.